ముత్తయ్య ఎడమ చెవి

శామీర్‌పేట చెరువును నమ్ముకుని బతికే ముత్తయ్యకు రెండు చెవులూ సరిగ్గా వినపడవన్న సంగతి ఊళ్లోనే కాదు, ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. తెలియనివ్వకపోవడమే నలభై రెండేళ్ల జీవితంలో అతను కష్టపడి నేర్చుకున్న విద్య. వల విసరడం, తెప్ప నడపడం ఆ వాడలో పుట్టిన ప్రతివాడికీ వస్తుంది. ఎదుటివాడి పెదవులు, కనుబొమలు, భుజాలు చూసి ఏమడిగి ఉంటాడో ఊహించి, సరిగ్గా ఆ క్షణానికి తలూపడం మాత్రం ముత్తయ్య ఒక్కడికే వచ్చు.

ఏడెనిమిదేళ్ల వయసు నుంచి నీళ్లలో మునిగి వల విడిపించేవాడు. అప్పటి నుంచే చెవులు కారేవి. వాళ్ల అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోసేది. నొప్పి తగ్గేది, చీము తగ్గేది కాదు. పెద్దయ్యాక చెవిలో దూది పెట్టుకుని, వాసన బయటపడకుండా దాని మీద అత్తరు చుక్క వేసుకోవడం అలవాటైంది. ముత్తయ్య షోకిలా మనిషని వాడకట్టంతా అనుకునేది. అనుకోనిచ్చాడు.

తలూపి బతికేవాడి బతుకు ఎలా ఉంటుందో చెప్పాలంటే పెళ్లి బంతి చాలు. వడ్డించేవాడు చాలా అన్నా తలూపేవాడు, ఇంకా వెయ్యనా అన్నా తలూపేవాడు. కాబట్టి కొన్ని పెళ్లిళ్లలో ఆకలితో లేచాడు, కొన్నింట్లో లేవలేక లేచాడు. మత్స్య సొసైటీ సమావేశంలో అందరూ తనవైపు చూస్తున్నారని తలూపితే రెండేళ్లపాటు కార్యదర్శి పదవి నెత్తిన పడింది. ఆ రెండేళ్లలో సమావేశాలన్నీ చాలా ప్రశాంతంగా జరిగాయని అతను రాసిన రికార్డులో ఉంది. నిజానికి ఒకసారి కుర్చీలు కూడా లేచాయంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. రెండేళ్ల కిందటి ఆషాఢంలో జరిగినదానికి నవ్వు రాదు.

ఆ రోజు ముత్తయ్య భార్య లత కీసరలో వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. ఇంట్లో ముత్తయ్య, పదమూడేళ్ల కూతురు శైలజ. పొద్దున్నే అతను వాకిట్లో వంగి వల మడతపెట్టుకుంటున్నాడు. బావమరిది భిక్షం అప్పటికే తెప్ప దగ్గర కాచుకుని ఉన్నాడు. గడపలో శైలజ నిలబడిందని, పెదవులు కదులుతున్నాయని ముత్తయ్య కంటి కొసతో చూశాడు. ఏ పుస్తకాలో, ఏ ఫీజో అనుకున్నాడు.

"ఆఁ, సరే బిడ్డా" అని తలూపి, వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పిల్ల గడపకు అడ్డంగా ముడుచుకుని పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రికి చేర్చేలోపే కడుపులో అపెండిక్స్ అనే పేగుకొస పగిలింది. పదకొండు రోజులు మంచం మీదే ఉంది. అందులో మూడు రోజులు డాక్టర్లు కూడా ఏ మాటా గట్టిగా చెప్పలేదు.

నాలుగో రోజు డాక్టరు లత ముందే అడిగాడు. "పొద్దున పిల్ల మీకు చెప్పలేదా?" ఆ పెదవులను ముత్తయ్య స్పష్టంగా చదివాడు. నిజం చెప్పడానికి ఒక్క క్షణం ఉంది. చెప్పలేకపోయాడు.

"కొంచెం నొస్తాందన్నది సార్. కొంచెమే గదా అనుకున్న" అన్నాడు.

శైలజకు మెలకువ వచ్చి ఉందని అతను చూసుకోలేదు. తలతిప్పేసరికి పిల్ల కళ్లు తన మీదే ఉన్నాయి. మెల్లగా గోడవైపు ఒత్తిగిలింది. కన్నబిడ్డ మీద నేరం నెట్టానని ముత్తయ్యకు అప్పుడే తెలిసింది. మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత శైలజ తండ్రితో మాట్లాడటం దాదాపు మానేసింది. కావలసిందేదైనా తల్లికి చెప్పేది. ఎదురుగా కూర్చుని అన్నం తినేది, తలెత్తేది కాదు. తలెత్తకపోతే పెదవులు కనపడవు. కూతురు గొంతు ఎలా ఉంటుందో అతనికి చిన్నప్పటి ఏడుపు తప్ప గుర్తులేదు. ఆ గొంతు వినాలి. విని, జరిగింది చెప్పాలి. చెవిటివాడిగా చెబితే అది కూడా సాకులాగే ఉంటుందని అతని బాధ. లోకానికి ఆరోగ్యం, అందం, ఆస్తి కావాలి. ముత్తయ్యకు ఒక్క చెవి కావాలి.

ఆరు నెలల తర్వాత ఎవరికీ చెప్పకుండా మేడ్చల్ దారిలో ఉన్న ఒక పెద్దాసుపత్రికి వెళ్లాడు.

అక్కడ ముందు వినికిడి పరీక్ష. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు మూతలు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడగానే నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి పేరు అనూహ్య. ఆమె యంత్రం తిప్పినప్పుడల్లా కుడి భుజం కొద్దిగా కదులుతోందని ముత్తయ్య రెండు నిమిషాల్లో కనిపెట్టాడు. ఇక భుజం కదిలినప్పుడల్లా నొక్కాడు. పరీక్షలోనూ పాసవ్వాలనిపించింది, ఏం చేస్తాం.

కాగితం మీద గీత చూసి అనూహ్యకు అనుమానమొచ్చింది. లోపలికొచ్చి అతని కుర్చీని గోడవైపు తిప్పింది. ఆ తర్వాత పావుగంటలో ముత్తయ్య మీట నొక్కింది నాలుగుసార్లు.

బయటికొచ్చాక ఆమె అతని ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేలా నిదానంగా అంది. "అన్నా, ఇంత తక్కువ వినికిడితో ఇన్నేళ్లు ఎట్లా నెట్టుకొచ్చినవ్?"

ముత్తయ్య తలూపాడు.

చెవుల డాక్టరు పరమేశ్ పొట్టి మనిషి, మాట కరుకు. గోడ మీది బొమ్మ చూపించి విషయం చెప్పాడు. చెవిపొర వెనక మూడు చిన్న ఎముకలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పొర అదిరితే ఆ అదురును అవి లోపలికి అందిస్తాయి. ముత్తయ్య ఎడమ చెవిలో ఏళ్ల తరబడి పేరుకున్న రోగం పొరకు చిల్లు పెట్టి, నడిమి ఎముకను తినేసింది. మూడో ఎముక సగమే మిగిలి ఉంటుందని అనుమానం. లోపలి నరం మాత్రం బాగానే ఉంది.

"రెండు ఆపరేషన్లు. మొదటిదాంట్లో కుళ్లంతా శుభ్రం చేసి పొర అతికిస్తా. తొమ్మిది నెలలు చూస్తా. రోగం తిరిగి రాకపోతే రెండోసారి తెరిచి, పోయిన ఎముక బదులు టైటానియంతో చేసిన చిన్న ఎముక పెడతా. బియ్యపుగింజలో సగం కూడా ఉండదు. అది సరిగ్గా ఆనితే వినపడుతుంది. ఒరిగితే వినపడదు. నూటికొకరికి ఉన్న వినికిడి కూడా పోవచ్చు. ఈ చెవి కుదిరితేనే కుడిచెవి సంగతి. కుదరకపోతే దాన్ని నేను ముట్టుకోను."

"నీళ్లల్ల మునగొచ్చా సార్?"

"చుక్క నీరు పోయినా నా దగ్గరికి రాకు."

మొదటి ఆపరేషన్ అయింది. ఆ తర్వాతి తొమ్మిది నెలలూ ముత్తయ్య ఒడ్డునే ఉన్నాడు. తలస్నానం కూడా భయమే. లత అతని చెవికి వాసలీను దూది అడ్డుపెట్టి, తల వంచి, చెంబుతో మెల్లగా పోసేది. చెవి కారుతుంటే వైద్యం చేయించుకుంటున్నాడని మాత్రమే ఇంట్లోనూ వాడలోనూ అనుకున్నారు. ఒకరోజు భిక్షం వల చెరువు నడుమ మునిగిన తుమ్మమోడుకు చిక్కింది. కొత్త వల. అందరూ ముత్తయ్య వైపు చూశారు. మునిగి విడిపించడంలో అతని తర్వాతే ఎవరైనా. ముత్తయ్య నేల చూపులు చూశాడు. భిక్షం తానే మునిగి, సగం చిరిగిన వల తెచ్చి ఒడ్డున పడేశాడు.

"గింత పిరికోడివి ఎప్పుడైనవ్ బావా?" అన్నాడు.

పెదవులు చదవడం రానివాడైతే ఆ మాట తప్పించుకునేవాడు.

రెండో ఆపరేషన్ రోజు వచ్చింది. మనిషికి మత్తివ్వలేదు, చెవికే ఇచ్చారు. ఎముక పెట్టాక వినపడిందో లేదో అతనే చెప్పాలి కదా. ముందు రోజే డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. "మాట్లాడొద్దు. దవడ కదిలితే చెవి కదులుతుంది. నేను మెల్లగా పిలుస్తా. వినపడితే బొటనవేలు లేపు. వినపడకపోతే ఊరుకో. అర్థమైందా?"

ముత్తయ్య తలూపాడు. ఆ ఒక్కసారి నిజంగానే అర్థమైంది.

బల్ల మీద పడుకోబెట్టి తల కుడివైపు తిప్పారు. కుడిచెవిలో దూది కుక్కి, దిండుకు అదిమారు. మొహం మీద పచ్చగుడ్డ కప్పారు. పెదవుల్లేవు, కనుబొమల్లేవు, భుజాల్లేవు. అతని కళ్ల ముందు గుడ్డ నీడ తప్ప ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి ముత్తయ్య నిజంగా చెవిటివాడయ్యాడు. బల్ల అంచు కోసం తడుముతున్న చేతిని ఎవరో పట్టుకున్నారు. వజ్రమ్మ అనే పెద్ద నర్సు. గరుకు చెయ్యి, వెచ్చగా ఉంది.

చెవిలో ఏదో గీకుతున్న శబ్దం మాత్రం పుర్రెలోంచి పెద్దగా వినిపిస్తోంది. నెత్తురు పీల్చే గొట్టం గర్రుమంటోంది. ఎంతసేపో తెలియదు. తర్వాత అంతా ఆగింది. చెవి లోతుల్లో ఏదో సన్నగా తాకింది. మళ్లీ ఆగింది.

వజ్రమ్మ చెయ్యి బిగుసుకుంది.

ముత్తయ్య బొటనవేలు లేపాడు.

లేపాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు. మాటేమీ వినపడలేదు. ఆమె చెయ్యి బిగుసుకుందంటే డాక్టరు పిలిచి ఉంటాడు, పిలిస్తే జవాబివ్వాలి. ముప్పై అయిదేళ్ల అలవాటు అతన్ని అడగకుండానే వేలు లేపేసింది. మళ్లీ చెయ్యి బిగిసింది. మళ్లీ వేలు లేచింది. ఆ ముసలామె పాపం సంతోషంతో అతని అరచేతిని నిమిరింది. గదిలో అందరూ ఊపిరి వదిలారని గుడ్డ కిందున్నవాడికి కూడా తెలిసింది. వాళ్లను సంతోషపెట్టినందుకు ఒక్క క్షణం అతనికీ హాయిగా అనిపించింది. అంత పాడు అలవాటది.

తర్వాత చెవిలో మెత్తగా ఒత్తిడి. స్పాంజి ముక్క. ఎముక కదలకుండా చుట్టూ ముక్కలు పేర్చి, పొర మూసి, పైన మళ్లీ ముక్కలు నింపి కట్టు కడతామని డాక్టరు ముందే చెప్పాడు. నింపాక మళ్లీ తియ్యడం ఉండదు. రెండో ముక్క వచ్చింది.

ఇప్పుడు నోరు తెరిస్తే చెవి కదులుతుంది. లోపల సూదిలాంటి పనిముట్టు ఉందో లేదో తెలియదు. మూసుకుని పడుకుంటే ఇంటికి వెళ్లొచ్చు, కుదరలేదని రెండు నెలల తర్వాత తేలుతుంది, తప్పు ఎముక మీదికి పోతుంది. డాక్టరు మీదికి కూడా పోవచ్చు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి కొంచెమే అన్నదని చెప్పినవాడికి ఇదేం కొత్త కాదు. గోడవైపు తిరిగిన ఆ చిన్న వీపు కళ్లలో మెదిలింది. ముత్తయ్యకు తన మీద తనకే అసహ్యమేసింది.

మూడో ముక్క.

అతను వజ్రమ్మ అరచేతిని గోటితో గిచ్చాడు. భయపడుతున్నాడనుకుని ఆమె నిమిరింది. మళ్లీ గిచ్చాడు. ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇక లాభం లేదని చెయ్యి విదిలించుకుని, అరచెయ్యి గాల్లోకి లేపి ఆగమన్నట్టు పట్టాడు. చెవిలో ఒత్తిడి ఆగింది. ఒక నిమిషం గడిచింది. మొహం మీది గుడ్డ అంచు లేచి వెలుతురు పడింది. వజ్రమ్మ కళ్లు కనిపించాయి, ఏమైందని అడుగుతున్నాయి.

దవడ కదపకుండా, పెదవులతోనే అన్నాడు. "ఇనబడలే."

ఈసారి ఆమెకు వినపడలేదు. ముఖం దగ్గరగా తెచ్చింది.

"అక్కా, అబద్ధం జెప్పిన. నాకు ఏం ఇనబడలే. సార్‌ను ఆపు."

ఆ మాట అన్నాక అతని కళ్లలోంచి నీళ్లు జారి ముక్కు మీదుగా దిండులోకి పోయాయి. తుడుచుకోవడానికి వీల్లేదు.

కాసేపటికి గుడ్డ కిందికి డాక్టరు పరమేశ్ మొహం వచ్చింది. ముక్కు మీది మాస్కు కిందికి లాగి ఉంది. ఇద్దరి మొహాల మధ్య జానెడు దూరం.

"రెండుసార్లు వేలు లేపినవ్ కదయ్యా."

"అక్క చెయ్యి బిగవట్టింది సార్. మీరు పిలిచిండ్రనుకున్న."

డాక్టరు కోప్పడతాడని కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే ఆయన వజ్రమ్మ వైపు తిరిగి ఏదో అంటున్నాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి తీసుకుని, దూరంగా వెళ్లి నిలబడింది. గుడ్డ మళ్లీ పడింది.

ముక్కలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మళ్లీ ఆ గర్రు, ఆ గీకుడు. పెట్టిన ఎముక పక్కకు ఒరిగి ఉందని, దానికంటే వెంట్రుకవాసి పొడవైనది తీసి, చెవిడొప్ప నుంచి కోసిన పలచటి మృదులాస్థి ముక్క దాని నెత్తిన పెట్టామని తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం ముత్తయ్యకు ఏమీ తెలియదు. చేతిలో చెయ్యి లేదు. ఎవరేం అడుగుతున్నారో ఊహించడానికి ఆధారం లేదు.

అంతా ఆగింది. ఇప్పుడు పిలుస్తున్నారేమో. ముత్తయ్య బొటనవేలు తనంతట తాను లేవబోయింది. పిడికిలి బిగించి దాన్ని లోపల దాచుకున్నాడు. ఏమీ వినపడలేదు. ఇదీ పోయిందనుకున్నాడు. ఇక జీవితమంతా ఇంతే. లోపల మళ్లీ సన్నగా తాకింది. మళ్లీ ఆగింది. పిడికిలి విప్పలేదు.

ముందు ఎక్కడో నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు. అది చెవిలోదో గదిలోదో తేల్చుకునేలోపు, పక్కింటి రేకుల షెడ్డులోంచి వచ్చినట్టు ఒక మగగొంతు వినిపించింది.

"ముత్తయ్యా, నీ బిడ్డ పేరేంది?"

మాట్లాడొద్దన్న సంగతి మరిచిపోయాడు. "శైలజ" అన్నాడు.

ఆ గదిలో ఎవరూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడలేదని అతనికి వినపడింది.

మూడు వారాలకు పై ముక్కలు తీశారు. మరో అయిదు వారాలకు అనూహ్య మళ్లీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టి పరీక్ష చేసింది. పోయిన వినికిడిలో సగానికి పైగా తిరిగొచ్చిందని, సంతలో గోలలో కష్టమేగానీ ఇంట్లో నిశ్శబ్దంలో వెనక నుంచి మాట్లాడినా తెలుస్తుందని చెప్పింది. ముత్తయ్య ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. నమ్మకం కుదరక.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని, వీధివైపు మొహం పెట్టి, భిక్షం వలలో చిరిగినచోట ముళ్లు వేస్తున్నాడు. వెనక గదిలో లత కూరగాయలు తరుగుతోంది. బడి నుంచి వచ్చిన శైలజ తల్లి దగ్గర నిలబడింది. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులను రేపు బడికి రమ్మన్నారట.

"నాకు రేపు తీరది. నాయినకు జెప్పు" అంది లత.

"ఆయనకెందుకమ్మా జెప్పుడు? తలకాయ ఊపుతడు. రేపు అడిగితే నేను ఇంకోటి జెప్పిన అంటడు."

గొంతు తగ్గించే అంది. ప్రతి మాటా ముత్తయ్యకు అందింది. రెండేళ్లుగా వినాలని తపించిన గొంతు అది. చేతిలో సూది ఆగిపోయింది. విననట్టు ఉండిపోవచ్చు. ఇంత మెల్లగా అంటే వాకిట్లోకి వినపడదనే కదా వాళ్లు అనుకుంటున్నారు. ఇంత సులువైన దారి మళ్లీ దొరకదు.

సూదిని వల మీద పెట్టాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేనని అతనికి తెలుసు.

"ఇన్న బిడ్డా" అన్నాడు.

కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఆ దినం నువ్వు కొంచెం అనలే. ఏమన్నవో నాకు ఇనబడనే లేదు. ఇనబడదని జెప్పనీకి సిగ్గయ్యి నీ మీదికి నెట్టిన. మీ అమ్మకు గుడ జెప్పలే."

పిల్ల వెళ్లిపోయిందేమో అనుకున్నాడు. తర్వాత గడప దగ్గర నుంచి, అతని వీపు వెనక నుంచి, చాలా మెల్లగా వచ్చింది ఆ గొంతు.

"నిలవడనీకి వస్తలేదు, పోకు నాయినా అన్న. మూడుసార్లన్న."

ముత్తయ్య వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. తలూపలేదు.

"ఇప్పుడు ఇనబడ్డది" అన్నాడు.

శైలజ అక్కడే గడప మీద కూలబడి, రెండేళ్లుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. అతను ఆపమనలేదు. కూర్చుని మొత్తం విన్నాడు.